బట్లర్ వెళ్ళాక స్వేడ్ మారిందా, కావాలని మార్చుకుందా?

ఆరో తీగ:

గిటారిస్టు బెర్నార్డ్ బట్లర్ 1994 జులైలో బ్రిటిష్ రాక్ బ్యాండ్ స్వేడ్‌ని వదిలి వెళ్ళిపోయాడు. అప్పటికి వాళ్ళ 'డాగ్ మ్యాన్ స్టార్' ఆల్బమ్ రికార్డింగ్ ఇంకా పూర్తి కాలేదు. ఆ ఆల్బమ్ అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. తర్వాతి ఆల్బమ్ 'కమింగ్ అప్' 1996 సెప్టెంబరులో వచ్చింది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి, గొంతు ఒక్కటే గుర్తుపడతాం. మిగతాదంతా వేరే ఇల్లు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గిటారిస్టుతో పాటు ఆ బ్యాండ్ లోతు కూడా పోయింది. మిగిలింది మంచి పాపే, కాదనను. కానీ 'డాగ్ మ్యాన్ స్టార్'లోని 'ది అస్ఫాల్ట్ వరల్డ్' లాంటి పాట మళ్ళీ రాలేదు. తొమ్మిది నిమిషాల పైచిలుకు పాట అది. మధ్యలో గొంతు తప్పుకుంటుంది, గిటార్ చాలాసేపు నేల మీద పాకుతూ ఉంటుంది, ఏమీ జరగట్లేదనిపిస్తుంది. మనం ఆ నెమ్మదికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా లేస్తుంది. బట్లర్ దాన్ని ఇంకా చాలా పొడుగ్గా ఊహించుకున్నాడు, మిగతావాళ్ళు తగ్గించమన్నారు. నేను గిటార్ నేర్చుకునే రోజుల్లో ఆ సోలో వాయించాలని నెలల తరబడి ప్రయత్నించాను. స్వరాలు దొరుకుతాయి. తీగ లాగి పట్టుకునే ఆ క్షణం మాత్రం చేతికి రాదు.

'కమింగ్ అప్'లో గిటార్ పల్లవి కోసమే బతుకుతుంది. పల్లవి రాగానే దాని పని అయిపోతుంది.

మేడమీద గది:

అన్నా, 'కమింగ్ అప్' బ్రిటన్‌లో నంబర్ వన్. అందులోంచి విడిపాటలుగా వచ్చిన ఐదు సింగిల్సూ టాప్ టెన్‌లోకి వెళ్ళాయి. 'డాగ్ మ్యాన్ స్టార్' మూడో స్థానం దగ్గర ఆగిపోయింది. లోతు లేని పాటల్ని జనం అన్నిసార్లు వింటారా?

ఆరో తీగ:

వింటారు తమ్ముడూ. అమ్మకాలతో నాకు పేచీ లేదు. నా బాధ వేరే.

పాత క్యాసెట్:

ఆరో తీగ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ కారణం మీరు చెప్తున్నది కాదు. కొంచెం ఓపిగ్గా చదవండి.

మొదటిది, ప్రొడ్యూసర్. బట్లర్‌కి గొడవైంది ఎడ్ బుల్లర్‌తో. అతన్ని తీసెయ్యమన్నాడు, బ్యాండ్ ఒప్పుకోలేదు, బట్లర్ వెళ్ళిపోయాడు. 'కమింగ్ అప్' చేసింది ఎవరు? అదే ఎడ్ బుల్లర్. రికార్డింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి మారలేదు, శబ్దం మాత్రం తలకిందులైంది. పోనీ, కొత్త గిటారిస్టుకి చేతకాలేదందామా? రిచర్డ్ ఓక్స్ డోర్సెట్‌లోని పూల్ ఊరి కుర్రాడు, అప్పటికి 17 ఏళ్ళు. తను వాయించిన టేప్ ఒకటి ఫ్యాన్ క్లబ్‌కి పంపాడు. అది మోగుతుంటే డ్రమ్మర్ సైమన్ గిల్బర్ట్ చెవిన పడింది. స్వేడ్ వాళ్ళదే ఏదో పాత డెమో అనుకున్నాడట. అంటే బట్లర్ వాయింపు ఆ పిల్లాడి చేతిలో అప్పటికే ఉంది. చేరగానే అతనికి పడిన పని కూడా అదే, 'డాగ్ మ్యాన్ స్టార్' పాటల్ని ప్రతి రాత్రీ స్టేజీ మీద వాయించడం. మీరు నెలలు కష్టపడ్డ ఆ సోలోని టూర్‌లో మోసింది అతనే.

చెయ్యగలిగినవాడు పక్కనే ఉన్నాడు కదా, మరి ఎందుకు చెయ్యలేదు? గాయకుడు బ్రెట్ ఆండర్సన్‌కి వద్దనిపించింది కాబట్టి. లండన్‌లో హైగేట్‌లోని ఒక పెద్ద పాత ఇంట్లో ఒంటరిగా తలుపులేసుకుని రాసిన మాటలు 'డాగ్ మ్యాన్ స్టార్'లో ఉన్నాయి. ఆ తర్వాత అతనికి చిన్న పాటలు కావాలనిపించాయి, వెంటనే పట్టుకునే పల్లవులు, డెబ్బైల్లో టి. రెక్స్ బ్యాండ్ కాలంనాటి గ్లామ్ రాక్ దరువు. కీబోర్డు మీదికి గిల్బర్ట్ బంధువు నీల్ కాడ్లింగ్ వచ్చాడు. బట్లర్ ఒక్కడే నింపిన చోటుని ఇద్దరు పంచుకున్నారు. 'కమింగ్ అప్'లోని 'బ్యూటిఫుల్ వన్స్' చివర లాలాలా అంటూ జనమంతా పాడుకునే ముక్క ఉంటుంది చూడండి, అది గిటారిస్టు లేక మిగిలిపోయిన ఖాళీ కాదు. జనం పాడుకోడానికి కావాలని కట్టిన ముక్క.

ఇక లోతు ఎటూ పోలేదు. 'ట్రాష్' సింగిల్ వెనక వేసిన 'అనదర్ నో వన్' వినండి. ఆల్బమ్‌లో పెట్టలేదంతే. అలా పక్కన పెట్టినవాటితోనే 1997లో రెండు డిస్కుల 'సై-ఫై లల్లబైస్' వేశారు. కాబట్టి నా లెక్కలో స్వేడ్ మారలేదు, మార్చుకుంది. ఆ రెండింటికీ తేడా చాలా ఉంది.

నీలి జాకెట్:

ఇద్దరూ మాట్లాడని సంగతి ఒకటి. అదే కాలంనాటి బ్రిటిష్ బ్యాండ్ బ్లర్‌కీ ఇదే పరిస్థితి వచ్చింది. వాళ్ళ గిటారిస్టు గ్రహమ్ కాక్సన్ 2002లో బయటికెళ్ళాడు, 2003లో 'థింక్ ట్యాంక్' ఆల్బమ్ వచ్చింది. ఆ ఆల్బమ్ కోసం వాళ్ళు ఆ కుర్చీలో కొత్త గిటారిస్టుని కూర్చోబెట్టలేదు. మొరాకో వెళ్ళి కొంత రికార్డు చేశారు, ఎక్కువచోట్ల గిటార్‌ని వెనక్కి నెట్టి లయని ముందుకి తెచ్చారు. మనిషి లేని సంగతి ఆ ఆల్బమ్‌లో వినిపిస్తుంది, ఎవరూ దాచలేదు. నాకు ఆ దారే నచ్చుతుంది. కాక్సన్ వాయించిన ఒక్క పాట చివర్లో వస్తుంది, అది విన్నప్పుడు గొంతు పట్టేస్తుంది.

స్వేడ్ విషయానికొస్తే, ఆండర్సన్, బట్లర్ 2005లో 'ది టియర్స్' పేరుతో మళ్ళీ కలిసి ఒక ఆల్బమ్ చేశారు. బాగుంది. కానీ 'డాగ్ మ్యాన్ స్టార్' కాదు. లోతంతా బట్లర్ చేతిలోనే ఉండి ఉంటే అక్కడ మళ్ళీ కనపడాలి కదా, ఆరో తీగ గారూ?

ఆరో తీగ:

ఈ ప్రశ్న గట్టిగా తగిలింది. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

పాత క్యాసెట్ గారు చెప్పిన ప్రొడ్యూసర్ సంగతి ఒప్పుకుంటున్నాను. ఓక్స్ మీద నా మాటల్లో చిన్నచూపు ఏదైనా వినిపించి ఉంటే అదీ వెనక్కి తీసుకుంటాను. 17 ఏళ్ళకి నేను ఒక్క వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డ్స్ దగ్గరే వేళ్ళు నొప్పెట్టించుకుంటున్నాను. 2013లో వచ్చిన 'బ్లడ్‌స్పోర్ట్స్' నుంచి ఈ బ్యాండ్ మళ్ళీ నిలబడింది అతని గిటార్ మీదే.

కానీ ఒకటి చెప్పనివ్వండి. ఆ రోజుల్లో బట్లర్ తండ్రి చనిపోయారు. ఆ దుఃఖంతోనే అతను టూర్ తిరిగాడు, ఆ దుఃఖంతోనే ఆల్బమ్‌కి బాణీలు కట్టాడు. మిగతావాళ్ళతో మాటల్లేవు. పాటని ఎంత పొడుగైతే అంత పొడుగు సాగనివ్వాలని పట్టుబట్టాడు, వాళ్ళు కత్తిరించాలని పట్టుబట్టారు. ఆ లాగుడే తీగలో వినిపిస్తోందని ఇప్పుడు అనిపిస్తోంది. 2005 నాటికి ఇద్దరూ రాజీపడ్డ మనుషులు. రాజీపడ్డవాళ్ళ దగ్గర ఆ లాగుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే 'మార్చుకుంది' అన్న మాట నాకు ఇంకా పూర్తిగా మింగుడు పడట్లేదు. బట్లర్ ఉండి ఉంటే వాళ్ళు మరో 'అస్ఫాల్ట్ వరల్డ్' చేసేవాళ్ళా, ఒకర్నొకరు కొట్టుకునేవాళ్ళా అంటే రెండోదే అనుకుంటాను. అయినా 'డాగ్ మ్యాన్ స్టార్'కి 2011లో వచ్చిన ఎడిషన్‌లో కత్తిరించని ఆ పాట విన్నప్పుడు, అదనంగా దొరికిన ఆ రెండు నిమిషాలు నాకు చాలలేదు.

'అనదర్ నో వన్' నిన్న రాత్రి మూడుసార్లు విన్నాను. గిటార్ దాదాపు ఊపిరి బిగబట్టి ఉంది. పిల్లాడు వాయించినట్టు లేదు.