కాలేజీ ఇంగ్లీషు కంపోజిషన్ కోర్సు: సిలబస్‌లోని నియమాల గురించి సలహా కావాలి

ఇర్వింగ్ నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారమండీ. మేము ఈ జనవరిలో ఖమ్మం నుంచి టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చాము. మావారు హెచ్-1 ఉద్యోగ వీసా మీద, నేను ఆయన భార్యగా హెచ్-4 వీసా మీద ఉన్నాము. నర్సింగులో చేరాలన్నది నా చిరకాల కోరిక కాబట్టి, దానికి ముందుగా పూర్తి చేయవలసిన కోర్సుల కోసం దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో చేరాను. వాటిలో మొదటిది ఇంగ్లీషు 1301. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంటర్లోనూ డిగ్రీలోనూ గైడు చదివి, అనొటేషన్లు బట్టీపట్టి ఇంగ్లీషు పేపరు గట్టెక్కాను. ఇక్కడ మొదటి రోజే పద్నాలుగు పేజీల సిలబస్ చేతికిచ్చారు. సిలబస్ అంటే పాఠాల జాబితా అనుకున్నాను. ఇందులో పాఠాలు రెండు పేజీలే, తక్కినవన్నీ నియమాలే. రెండో వారంలోనే కేట్ షోపాన్ రాసిన ‘ద స్టోరీ ఆఫ్ యాన్ అవర్’ కథ ఇచ్చి, దాని మీద మూడు పేజీల వ్యాసం వచ్చే ఆదివారం రాత్రి 11:59 లోగా పెట్టమన్నారు. సారాంశం వద్దు, మీ వాదన కావాలి అని కింద గీత గీసి మరీ రాశారు. కథ మీద వాదించడం ఏమిటో నాకు బోధపడలేదు. ఆలస్యమైతే ఏమవుతుంది, ప్రొఫెసరుకు ఈమెయిలు ఎలా రాయాలి, ఇంట్లో ఎవరిచేతనైనా దిద్దించుకోవచ్చా, ఈ మూడు సంగతులు కూడా దయచేసి చెప్పండి.

ఫ్రిస్కో నుంచి:

అమ్మా, మీరు అడగని విషయమే నేను ముందు చెబుతున్నాను, ఎందుకంటే అది తెలియక మా తమ్ముడి కొడుకు చాలా ఇబ్బంది పడ్డాడు. భయం వేసిందని కోర్సును వదిలేయకండి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలలో 2007 ఫాల్ సెమిస్టరు నుంచి కొత్తగా చేరిన విద్యార్థులెవరైనా, ఎన్ని కాలేజీలు మారినా సరే, డిగ్రీ పూర్తయ్యే లోగా మొత్తం మీద ఆరు కోర్సులకు మించి మధ్యలో మానుకోవడానికి వీల్లేదు. అనారోగ్యం, కుటుంబంలో మరణం వంటి కారణాలకు మినహాయింపు ఇస్తారు గాని, పాఠం కష్టంగా ఉందన్నది కారణం కాదు. మామూలు సెమిస్టరులో పన్నెండో తరగతి రోజును సెన్సస్ డే అంటారు. దానికి ముందే మానుకుంటే లెక్కలోకి రాదు. ఆ తరువాత మానుకుంటే ట్రాన్స్‌క్రిప్టు మీద డబ్ల్యూ (విత్‌డ్రా, అంటే మధ్యలో మానుకున్నట్టు గుర్తు) పడుతుంది, ఆరింటిలో ఒకటి పోతుంది. మావాడు మొదటి ఏడాదిలోనే నాలుగు వదిలేసి, చివరి సంవత్సరంలో నిజంగా అవసరమైనప్పుడు చేతులు కట్టేసినట్టయ్యాడు. ఇంకొక మాట. సెమిస్టరుకు పన్నెండు క్రెడిట్లకు తగ్గకుండా చూసుకోండి, తగ్గితే వీసాకే ముప్పు.

ప్లానో నుంచి:

ఫ్రిస్కో అన్నగారు చెప్పిన ఆరు కోర్సుల నియమం నిజమే గాని, పన్నెండు క్రెడిట్ల నియమం ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి సంబంధించినది. హెచ్-4 మీద ఉన్నవారు ఒక్క కోర్సు తీసుకున్నా ఏ ఇబ్బందీ లేదు. నేను హెచ్-4 మీద ఉండగా సెమిస్టరుకు రెండేసి చొప్పున ఈ కోర్సులన్నీ పూర్తి చేశాను. గ్రీన్‌కార్డు వచ్చాక నర్సు ఉద్యోగంలో చేరాను. కాబట్టి కొత్తవారిని ఈ విషయంలో భయపెట్టవద్దని మనవి.

చెల్లెమ్మా, 1301 అనే అంకెలోనే కొంత సమాచారం ఉంది. మొదటి అంకె అది మొదటి సంవత్సరపు స్థాయి కోర్సు అని, రెండో అంకె మూడు క్రెడిట్లు అని చెబుతాయి. మూడు క్రెడిట్లంటే వారానికి మూడు గంటల తరగతి, దాని పైన కనీసం ఆరు గంటల ఇంటి పని. ఈ ఆరు గంటలు ఎక్కడి నుంచి వస్తాయో ఇప్పుడే మీవారితో కూర్చుని తేల్చుకోండి. నేను తేల్చుకోలేదు, మొదటి నెలంతా వంట ముగించి, పిల్లవాణ్ణి పడుకోబెట్టి, రాత్రి పదిన్నరకు పుస్తకం తెరిచేదాన్ని. ఆ సమయంలో చదివిన పేజీ మర్నాటికి గుర్తుండేది కాదు.

ఆలస్యానికి అందరికీ ఒకే నియమం ఉండదు. నాకు 1301 చెప్పినాయన రోజుకు పది మార్కులు తగ్గించేవారు, దాని తరువాతి కోర్సు 1302 చెప్పినావిడ గడువు దాటితే తీసుకునేవారే కాదు. హాజరు కూడా అంతే. మూడు రోజులు రాకపోతే ఫెయిల్ అని మనవాళ్ళు రాష్ట్ర చట్టమేదో ఉన్నట్టు చెబుతుంటారు. అది మీ సిలబస్‌లో రాసి ఉంటేనే మీకు వర్తిస్తుంది, రాసి ఉంటే మాత్రం తప్పక వర్తిస్తుంది. అందుకే ఆ పద్నాలుగు పేజీలూ పెన్సిలుతో ఒకసారి పూర్తిగా చదవండి. 2009లో చేసిన టెక్సస్ చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు సిలబస్‌ను తమ వెబ్‌సైటులో, ముఖపేజీ నుంచి మూడు లింకులకు మించకుండా దొరికేలా పెట్టాలి. కాబట్టి 1302కు పేరు నమోదు చేసుకునే ముందే వేర్వేరు ప్రొఫెసర్ల పాత సిలబస్‌లు తీసి పోల్చుకోవచ్చు.

ఈమెయిలు విషయానికి వస్తే, సబ్జెక్టు లైనులో కోర్సు నంబరు, సెక్షను నంబరు తప్పక రాయండి. వాళ్ళకు నాలుగైదు సెక్షన్లు ఉంటాయి. ‘ప్రొఫెసర్’ అని ఇంటిపేరుతో సంబోధించండి. రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అని ముగించే మన అలవాటు ఇక్కడివారికి అర్థం కాదు. సిలబస్‌లో ఏ పేజీ చూశారో, అక్కడ మీకు ఏది అర్థం కాలేదో రెండు వాక్యాల్లో అడగండి. మీవారిచేత మాత్రం ఫోను చేయించకండి. విద్యార్థుల రికార్డులను గోప్యంగా ఉంచే 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల, మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే, మీ మార్కుల గురించి కాలేజీవారు ఆయనతో మాట్లాడరు.

కేటీ నుంచి:

పైన అందరూ గడువుల గురించి చెప్పారు. నాకు దెబ్బ తగిలింది ఇంకొక చోట, అది కొత్తవారందరికీ తెలియాలి.

ఏడేళ్ళ క్రితం ఇదే కోర్సులో ఒక కవిత మీద వ్యాసం రాయవలసి వచ్చింది. కవిత పదిసార్లు చదివినా పట్టు దొరకలేదు. మన అలవాటు ప్రకారం గైడు కోసం ఇంటర్నెట్టులో వెతికి, ఒక విద్యార్థుల సైటులో దాని భావం చదివాను. వాక్యాలు యథాతథంగా ఎత్తి రాయకూడదని తెలుసు కాబట్టి, మాటలు మార్చాను. వాక్యం ముందు భాగాన్ని వెనక్కి, వెనక భాగాన్ని ముందుకు తెచ్చాను. అది సొంతంగా రాయడమే అని మనస్ఫూర్తిగా నమ్మాను. చిన్నప్పటి నుంచి మంచి విద్యార్థి అంటే పెద్దలు చెప్పిన భావాన్ని చక్కగా తిరిగి చెప్పగలవాడే కదా.

వారం తరువాత ప్రొఫెసరు పిలిచి, నా వ్యాసంలో ఆరు వాక్యాలు పసుపు రంగులో, పక్కనే ఆ సైటు పేజీ పెట్టి చూపించారు. "ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగారు. "నాదే" అన్నాను. ఆ ఒక్క మాట నన్ను ముంచింది. అప్పుడే నిజం చెప్పి ఉంటే మళ్ళీ రాయనిచ్చేవారని తరువాత తెలిసింది. విషయం విద్యార్థుల క్రమశిక్షణ కార్యాలయానికి వెళ్ళింది. వాళ్ళు నోటీసును కాలేజీ ఈమెయిలుకు పంపి, సంజాయిషీకి ఐదు పనిదినాలు ఇచ్చారు. నేను జీమెయిలు తప్ప ఆ ఈమెయిలు తెరిచి చూసేదాన్ని కాదు. చూసేసరికి ఎనిమిదో రోజు. కార్యాలయానికి పరుగెత్తుకెళ్తే, కౌంటరు దగ్గరి మనిషి తల పైకెత్తకుండానే, గడువు దాటింది కాబట్టి ఆరోపణను మీరు ఒప్పుకున్నట్టే అన్నారు. నా మాట వినేవారు ఎవరైనా ఉన్నారా అని అడిగాను; ఒక ఫారం చేతికిచ్చారు. ఫారానికి జవాబు సెమిస్టరు ముగిసినా రాలేదు. వ్యాసానికి సున్నా వచ్చింది, కోర్సులో సి వచ్చింది, ఆ సి వల్ల నర్సింగు సీటు ఒక ఏడాది వెనక్కి పోయింది. నా తప్పు లేదని అనను, కానీ ఒక్క ఫోను చేసి ఉంటే నేను వెంటనే వెళ్ళేదాన్ని కదా అని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అప్పటి నుంచి నోట్సు రెండు రంగుల్లో రాస్తున్నాను. పుస్తకంలోనివి నీలం, నావి ఎరుపు. నీలం వాక్యం పక్కన పేజీ నంబరు వెంటనే వేస్తాను. వ్యాసం రాసేటప్పుడు నీలం నుంచి ఏది తీసుకున్నా, మాటలు మార్చినా మార్చకపోయినా, ఎవరిదో చెబుతాను. మూలాలను చూపించడానికి ఇక్కడ వాడే ఎమ్.ఎల్.ఏ. (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి అంటే ఇంతే. రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు బ్రాకెట్లో, చివర వివరాల జాబితా. ఇప్పుడు నడుస్తున్నది 2021లో వచ్చిన తొమ్మిదో ముద్రణ.

ఫ్రిస్కో నుంచి:

కేటీ అమ్మ చెప్పినది చదివి మనసు బాధపడింది. అయితే దీనికి సులువైన దారి ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలెవరైనా చుట్టాల్లో ఉంటే వ్యాసం వాళ్ళ చేతికిచ్చి వాక్యాలు సరిచేయించండి. మా ఆవిడ కోర్సు చేసినప్పుడు మా అబ్బాయే సరిచేశాడు, ఏ గొడవా రాలేదు. ఈ రోజుల్లో ఏఐ కూడా ఆ పని చేసిపెడుతుంది.

ఆస్టిన్ నుంచి:

అన్నగారూ, ఈ సలహాను నేను గట్టిగా వ్యతిరేకించవలసి వస్తోంది. ఆరేళ్ళు ఇదే కోర్సును పార్ట్‌టైముగా చెప్పాను. తరగతిలో చేతితో రాసిన పేరాలో ఒక గొంతు, ఇంటి నుంచి వచ్చిన వ్యాసంలో ఇంకొక గొంతు వినిపిస్తే నాకు రెండో పేజీకే తెలిసిపోయేది. వ్యాకరణపు తప్పులకు పోయే మార్కులు కొన్నే. ఇతరులు రాసిచ్చినట్టు తేలితే పోయేది కోర్సు మొత్తం. పిల్లవాడు "అమ్మా, ఈ వాక్యం నాకు అర్థం కాలేదు" అని చెప్పవచ్చు. ఆ వాక్యాన్ని తిరిగి రాయవలసింది మాత్రం అమ్మే. అలా చెప్పడానికే దాదాపు ప్రతి కాలేజీలోనూ రైటింగ్ సెంటరు ఉంటుంది, దానికి వేరే రుసుము ఉండదు. వాళ్ళు దిద్దరు, ప్రశ్నలు అడుగుతారు.

ఏఐ విషయంలో సిలబస్‌లో ఏమి రాసి ఉందో అక్షరం పొల్లుపోకుండా పాటించండి. ఒక ప్రొఫెసరు అనుమతించినది ఇంకొకరి దగ్గర నేరం. అసలు వాడకపోయినా మనవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్‌కు రాసిన వ్యాసాలను ఏఐ రాతను పసిగట్టే ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, అవి సగటున సగానికి పైగా వ్యాసాలను యంత్రం రాసినవని తేల్చాయి. అందుకని గూగుల్ డాక్స్‌లోనే మొదటి అక్షరం నుంచి రాయండి. ఏ రోజు ఏ గంటకు ఏ వాక్యం మార్చారో వెర్షన్ హిస్టరీలో నిలిచి ఉంటుంది. ఒక విద్యార్థినిని అనుమానించిన నేనే, ఆమె తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఒక పేరాను పదకొండుసార్లు తిరగరాసిన చరిత్ర చూసి క్షమాపణ చెప్పాను.

ఇర్వింగ్ అమ్మాయి అడిగిన అసలు ప్రశ్నకు, అంటే కథ మీద వాదనకు, ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మనం సందర్భసహిత వ్యాఖ్యలో కవి పరిచయం, సందర్భం, భావం రాసేవాళ్ళం. ఆ మూడూ పాఠం చదివిన ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. ఇక్కడివారు అడిగేది, అదే కథ చదివిన ఇంకొకరు కాదనగలిగిన మాట ఒకటి చెప్పి, కథలోని పదాలతోనే దాన్ని నిలబెట్టమని.

మీకు ఇచ్చిన 1894 నాటి కథనే తీసుకోండి. గుండె జబ్బున్న ఇల్లాలికి భర్త రైలు ప్రమాదంలో పోయాడని చెబుతారు. ఆమె ఏడ్చి, గదిలోకి వెళ్ళి, తెరిచిన కిటికీ ముందు కూర్చుంటుంది. బయట చెట్ల చివర్లు వసంతంతో కదులుతుంటాయి, వాన వాసన వస్తుంది, పిచ్చుకలు అరుస్తుంటాయి. ఆమె మెల్లగా తాను స్వతంత్రురాలినయ్యానని గొణుక్కుంటుంది. చివరికి భర్త బతికే ఇంటికి వస్తాడు, ఆమె చనిపోతుంది, ఆనందంతో గుండె ఆగిందని వైద్యులు అంటారు. ఇది సారాంశం, దీనికి మార్కులు రావు. ‘భర్త పోయిన వార్త విన్న కొద్ది నిమిషాలకే కిటికీ బయట వసంతాన్ని చూపించడం వల్ల, దుఃఖం తీరకముందే ఆమెలో జీవితం మొదలైందని రచయిత్రి చెబుతోంది’ అన్నది వాదన. ఎవరైనా కాదనవచ్చు, అప్పుడు మీరు చెట్లనూ వాననూ పిచ్చుకలనూ సాక్ష్యానికి పిలుస్తారు. ఇది నా వాక్యం కాబట్టి మీరు వాడకండి. మీది మీరు వెతుక్కుని ఇక్కడ రాయండి.

ఇర్వింగ్ నుంచి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. కాలేజీ ఈమెయిలును ఫోనులో పెట్టుకున్నాను, నీలం ఎరుపు కలాలు కొన్నాను, గురువారానికి రైటింగ్ సెంటరులో సమయం తీసుకున్నాను. నిన్న రాత్రి కథను మూడోసారి చదువుతుంటే తలుపుల మీద కన్ను పడింది. ఆమె గది తలుపు వేసుకుంటుంది, అక్క చెల్లెళ్ళ బంధం ఉన్నా జోసెఫీన్‌ను లోపలికి రానివ్వదు, ఆ అమ్మాయి తాళం కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుతుంది. తలుపు వేసి ఉన్నంతసేపే ఈమె స్వేచ్ఛగా ఉంది. చివర భర్త వీధి తలుపును తన తాళంచెవితో తెరుచుకుని వస్తాడు. ‘మూసిన తలుపు వెనక దొరికిన స్వేచ్ఛ, ఇంటి తాళంచెవి భర్త చేతిలో ఉన్నందువల్ల నిలవలేదు’ అని రాయవచ్చా? ఇది ఏ సైటులోనూ చూడలేదు, ఒట్టు.

ఆస్టిన్ నుంచి:

రాయండమ్మా, ఇది మీ వాక్యం. నేను దిద్దను గాని ఒక ప్రశ్న అడుగుతాను: గది తలుపును చివరికి తెరిచినది ఎవరు? ఆ చోటికి వెళ్ళి మళ్ళీ చదవండి, మీ రెండో పేరా అక్కడే ఉంది.

ప్లానో నుంచి:

వ్యాసాన్ని ఆదివారం 11:59 వరకు ఉంచకుండా శనివారం సాయంత్రమే అప్‌లోడు చేసి, ఫైలు తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి. నాది ఒకసారి ఖాళీ ఫైలు వెళ్ళింది.