మీథేన్ నుంచి హైడ్రోజన్: నికెలా, ఇనుమా?

చెర్లోపల్లి_శీను: మా బ్యాచ్‌లో తెగని గొడవ ఇది, ఇక్కడ తేల్చండి. గాలి తగలనీయకుండా మీథేన్‌ని బాగా వేడిచేస్తే హైడ్రోజన్, పొడి కార్బన్‌గా విడిపోతుంది. ఇప్పుడు ఎరువుల ఫ్యాక్టరీలు వాడే ఆవిరి పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కి 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. మన చిత్తూరు వైపు పాడికి కొదవలేదు, పేడ గ్యాస్ ఉంది, అందులో ఎక్కువ భాగం మీథేనే. దాన్ని విడగొట్టాలంటే ఉత్ప్రేరకం, అంటే తక్కువ వేడికే పని జరిగేలా చేసే లోహం, నికెలా, ఇనుమా?

ఏర్పేడు_ల్యాబ్: నికెల్. ఇందులో చర్చేముంది? ఉత్ప్రేరకం లేకపోతే 1100 డిగ్రీలు దాటాలి. నికెల్‌తో 500–700లోనే పనైపోతుంది. ఇనుముకి 700–900 కావాలి. ఆ తేడా అంతా కరెంటు బిల్లే.

పలమనేరు_పాడి: పనైపోతుంది సరే అబ్బోడా, ఎంతసేపు? కార్బన్ మీద కప్పుకుంటే నీ నికెల్ చచ్చినట్టేగదా.

ఏర్పేడు_ల్యాబ్: వెంటనే చావదు పెద్దాయనా. కార్బన్ సన్నటి పోగులా పెరుగుతూ నికెల్ రేణువుని కొసమీద పైకెత్తుకుపోతుంది, అందుకే కొంతకాలం లోహం బయటే ఉంటుంది. వేడి పెరిగితేనే మూసుకుపోయేది. దానికీ దారుంది. 27 శాతం నికెల్, 73 శాతం బిస్మత్ కరిగించి, అందులోంచి మీథేన్ బుడగలు పంపితే కార్బన్ పైకి తేలుతుంది, తోడేయడమే. 1065 డిగ్రీల దగ్గర 95 శాతం మీథేన్ విడిపోయిందని 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది.

బైరాగిపట్టెడ_బాబు: 1065 అంటే మన మే నెలకి కాస్త ఎక్కువ 😄

పలమనేరు_పాడి: ఇందాక 500 అన్నావు, ఇప్పుడు 1065 అంటాండావు. ఏది నిజం?

ఏర్పేడు_ల్యాబ్: రెండూ నిజమే. అది ఘన ఉత్ప్రేరకం, ఇది కరిగిన లోహం.

పలమనేరు_పాడి: మాట మార్చేవాళ్లని చానామందిని చూసినాను. పేడ గ్యాస్‌తో జనరేటర్ నడుస్తుందని ఒకాయన చెప్తే నమ్మి షెడ్డు పక్కన పెట్టించినాను. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజిన్‌ని తినేసింది. మెకానిక్ విప్పి చూపిస్తే లోపల బుష్షులు నల్లగా, గుంటలు పడి ఉండాయి. అమ్మినాయన ఫోన్ ఎత్తితే ఒట్టు. ఆ గంధకం నీ నికెల్‌కి విషం కాదా?

ఏర్పేడు_ల్యాబ్: విషమే, అతి కొద్దిగా ఉన్నా విషమే. ముందే తీసేయాలి. తుప్పుపట్టిన ఇనుప రజను గుండా గ్యాస్‌ని పంపితే సల్ఫైడ్‌ని పట్టేస్తుంది.

పలమనేరు_పాడి: చూసినారా, కడాకి ఇనుమే దిక్కయింది!

ఏర్పేడు_ల్యాబ్: అది ఉత్ప్రేరకం కాదండీ బాబూ!!

గాజులమండ్యం_మేడం: ఇద్దరూ ఆగండి. పేడ గ్యాస్‌లో దాదాపు 40 శాతం కార్బన్ డయాక్సైడే. తీయకుండా నికెల్ మీదికి పంపితే మీథేన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంకోటి, నికెల్ కార్బన్‌లో ఇరుక్కుపోతుంది. విడదీయాలంటే యాసిడ్ కావాలి, నికెల్ సమ్మేళనాలు క్యాన్సర్ కారకాలు. ఇనుము మందకొడిదే, కానీ చవక. పొడితోపాటు పోయినా పెద్ద బాధ లేదు.

చెర్లోపల్లి_శీను: అయితే మేడం ఓటు ఇనుముకి?

పలమనేరు_పాడి: అదే గ్యాస్ పొయ్యిలో మండించుకుంటే పోలా? మొత్తం వేడి నాదే.

గాజులమండ్యం_మేడం: లెక్క ఇదీ. ఒక మోల్, అంటే 16 గ్రాముల మీథేన్ మండితే 890 కిలోజౌళ్లు. విడగొట్టడానికి మనం ఇంకో 75 పెడతాం. వచ్చిన హైడ్రోజన్ మండితే 572. మిగిలిన 393 ఆ నల్లపొడిలోనే ఉండిపోతుంది.

పలమనేరు_పాడి: అంటే నా గ్యాస్‌లో నూటికి నలభై వంతులు బూడిదలో పోసినట్టేగదా!

ఏర్పేడు_ల్యాబ్: మనకి కావాల్సింది వేడి ఒక్కటే కాదు! గడ్డి గాల్లోంచి లాక్కున్న కార్బన్ అది. మండిస్తే మళ్లీ గాల్లోకే పోతుంది. పొడిగా పట్టి ఉంచితే గాల్లో ఆ మేరకు తగ్గుతుంది. అసలు పాయింట్ అది. ఎన్నిసార్లు చెప్పాలి?

పలమనేరు_పాడి: ఒక్కసారి కూడా చెప్పలా. 500 అని, 1065 అని, పోగులని చెప్పినావు. గాలి బాగుచేసేది దేశానికి, పేడ ఎత్తేది మేము. ఆ 393కి నాకు డబ్బు ఎవరిస్తారు? దానికి జవాబు లేకుండా నికెలైతే నాకేం, బంగారమైతే నాకేం?

ఏర్పేడు_ల్యాబ్: కిలో హైడ్రోజన్‌కి మూడు కిలోల కార్బన్ వస్తుంది. అమ్ముకోవచ్చు. టైర్లలో నల్లపొడి వాడతారు.

గాజులమండ్యం_మేడం: నికెల్ అంటుకున్న పొడిని టైర్లవాళ్లు కొంటారా? ముందు అది కనుక్కో నాయనా.

బైరాగిపట్టెడ_బాబు: శీనూ, తేలిందా నీ గొడవ?

చెర్లోపల్లి_శీను: బ్యాచ్‌లో ఇప్పుడు మూడు పార్టీలయినాయి.

పలమనేరు_పాడి: పొడికి రేటు తెచ్చినరోజు రా అబ్బోడా, మా షెడ్డులోనే పెడదాం. రాసిచ్చే రేటు కావాల, నోటిమాట వద్దు.

ఏర్పేడు_ల్యాబ్: రేటు కనుక్కుంటా. కానీ 500 అన్నది కరెక్టే. 1065 వేరే రియాక్టర్.