మూడు రౌండ్ల ఫైనల్: ఎర్ర మూలా, నీలం మూలా?

ఓరుగల్లు57:
అన్నలూ, ఆదివారం హన్మకొండ జేఎన్ స్టేడియంల బాక్సింగ్ ఫైనల్ ఉన్నది. మగోళ్ల 57 కిలోలు, మూడు నిమిషాల రౌండ్లు మూడు. ఎర్ర మూల పిలగాడు ఆర్థొడాక్స్ (ఎడమ చెయ్యి ముందట పెట్టేటోడు), పొడుగు, ఆటంతా జాబ్ మీదనే, అంటే ముందటి చేతితోని సూటిగ కొట్టే దెబ్బ. నీలం మూల పిలగాడు సౌత్‌పా (కుడి చెయ్యి ముందట పెట్టేటోడు), మూడించులు పొట్టి, మీదికి దూసుకొచ్చేటోడు. సెమీస్‌ల ఎర్రాయన 5-0 గెలిచిండు, నీలమాయన 3-2తోని బయటపడ్డడు. గది చూసి అందరు ఎర్రాయనే అంటున్నరు. గంత తేలికనా? ఏం చూసి చెప్పాలె?

ఇందూరు జాబ్:
తమ్మీ, 5-0 అంటే ఐదుగురు జడ్జిలు ఒకే దిక్కున్నరని, గంతే. ఐదు కార్డులూ (జడ్జిలు పాయింట్లు రాసే కాగితాలు) 30-27 ఉన్నా 5-0యే, ఐదూ 29-28 ఉన్నా 5-0యే. రెండోదైతే గెలిచిన రౌండ్లల్ల ఒక్కటి అటు పోయినా మ్యాచే పోతుండె. అందుకే ముందుగాల రౌండ్ల వారీ కార్డులు సంపాదించు. నీలమాయన 3-2 కూడా గట్లనే విప్పి చూడాలె.

ఇంక అసలు లెక్క. రౌండ్ గెలిచినోనికి 10, ఓడినోనికి 9, బాగ నలిగితే 8. ముగ్గురు జడ్జిల కార్డుల మీద మొదటి రెండు రౌండ్లు పోయినయంటే 18-20. మూడోది 10-9 గెలిచినా 28-29తోని ఓడినట్టే. 10-8 తెచ్చుకుంటే 28-28 అయితది, అప్పుడు ఎవరు గెలిచిండ్రో జడ్జే తేల్చాలె. నడుమ వార్నింగ్ పడితే ఒక పాయింట్ పోతది, అది అన్ని కార్డులల్ల.

మీదికొచ్చి కొట్టేటోళ్లు చానామంది దూరం అందుకునేటందుకే ఒక రౌండ్ ఖర్చు పెడ్తరు. పన్నెండు రౌండ్ల ప్రొఫెషనల్ బౌట్‌ల అది చెల్లుతది, మూడింట్ల చెల్లదు. నీలమాయన సెమీస్ మొదటి రౌండ్ పోగొట్టుకొని లేచిండా, గెలిచి జారిండా? లేచినోడైతే మెల్లగ మొదలుపెట్టేటోడన్నట్టు, అప్పుడు నా మాట ఎర్రాయనే, నూటికి అరవై.

కాజీపేట సౌత్‌పా:
నేను నీలం దిక్కు. ఆర్థొడాక్స్, సౌత్‌పా ఎదురుపడితే ఇద్దరి ముందటి చేతులు ఒకదానికొకటి అడ్డం వస్తయి. పొడుగోని జాబ్ సగం అక్కడ్నే ఆగిపోతది. జాబ్ మీదనే బతికేటోనికి ఇది పెద్ద దెబ్బ.

చేతులు కాదు, పాదాలు చూడు. ఎవరి ముందటి పాదం అవతలోని ముందటి పాదానికి బయట పడ్తదో, వాని వెనక చేతికి నడిమిట్ల తోవ దొరుకుతది. ఎర్రాయన తన ఎడమకు తిరుగుకుంట రైట్ స్ట్రెయిట్ (వెనక కుడి చేతి సూటి దెబ్బ) కొడితే బతికిండు. అలవాటు కొద్దీ కుడికి తిరిగితే నీలమాయన లెఫ్ట్ క్రాస్‌కు (వెనక ఎడమ చేతి దెబ్బకు) ఎదురు పోయినట్టే. అతను సౌత్‌పాలతోని ఆడిన పాత వీడియోలు దొరికితే అవే చూడు, మిగతావి ఈ మ్యాచ్‌కు పనికిరావు.

నీలానికి భయం ఒకటే. పొట్టోడు తలకాయ వంచి జొరబడితే తలలు తగుల్తయి. ఎలీట్, అంటే పెద్దోళ్ల పోటీలల్ల మగోళ్లకు 2013 నుంచి హెడ్‌గార్డ్ లేదు, కనుబొమ్మ చీలితే కన్ను ఆనదు. తల ముందట పెట్టినందుకు వార్నింగ్ వేరే.

ఓరుగల్లు57:
నీలమాయన మొదటి రౌండ్ పోగొట్టుకొనే లేచిండన్నా. మళ్ల బరువు సంగతేంది? శనివారం రాత్రి రెండు కిలోలు దించాలట.

భద్రకాళి కట్ట:
ఎవరు దించాలి? అది చెప్పకపోతే పై లెక్కలన్నీ వృథా. 57 కిలోల మనిషి ఒక్క రాత్రిలో రెండు కిలోలు దించితే పోయేది ఒంట్లో నీళ్లే, బరువులో వందకు మూడున్నర పాళ్లు. తూకం బౌట్ రోజు పొద్దున్నే కాబట్టి పోయినదంతా తిరిగి రాదు. మూడో రౌండ్లో గార్డ్ (మొహానికి అడ్డం పెట్టిన చేతులు) కిందికి జారుతుంది, జాబ్ వేసిన చెయ్యి మెల్లగా వెనక్కి వస్తుంది. తూకం దగ్గర పెదాలు, కళ్లు చూస్తే సగం తెలిసిపోతుంది.

పాత పతకాలను నమ్ముకోవద్దు. మన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ స్వర్ణం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ (ర్యాంకును బట్టి ముందే ఇచ్చే స్థానం) లేక రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది, 5-0తో ఓడింది. ఆ వూ యూనే చివరికి స్వర్ణం గెలిచింది. పతకం ఖాయమన్నవాళ్లు డ్రా, అంటే ఎవరికి ఎవరు ఎదురవుతారో చెప్పే పట్టిక, చూడలేదు. నిజామాబాద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో ఇదే 57 కిలోల్లో సెమీస్ దాకా వెళ్లి, మోకాలి గాయంతో రింగ్ ఎక్కకుండానే కాంస్యంతో తిరిగొచ్చాడు. సెమీస్ తర్వాత ఎవరు కుంటుతున్నారు, ఎవరి చేతికి ఐసు కట్టారు, శనివారమే కనుక్కో.

ఇదంతా పందెం కోసమైతే మాత్రం వద్దు తమ్ముడూ. గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణతో తెలంగాణలో ఆన్‌లైన్ పందెం కూడా నేరమే.

ఓరుగల్లు57:
పందెం లేదన్నా, ఇద్దరూ మావాళ్లే. బరువు దించాల్సింది ఎర్రాయన.

ఇందూరు జాబ్:
గట్లయితే నా అరవై యాభైకి దిగింది. మొదటి రెండు రౌండ్లు ఎర్రాయనకు రాకుంటే మూడోది ఆశ పెట్టుకోకు. ఇంకోటి, ఒక్క దిక్కే కూసోకు. జడ్జిలు రింగ్ చుట్టూ ఉంటరు. నీ దిక్కు వీపు పెట్టినోడు కొట్టిన దెబ్బ నీకు కనపడదు, ఎదురుంగున్న జడ్జికి కనపడ్తది. రౌండ్ రౌండ్‌కు జాగ మారి, కాగితం మీద 10-9 నువ్వే రాసుకో.