వేడినీటి నెట్‌వర్క్: ముందు మ్యాపా, ముందు మనుషులా?

చర్చ మొదలుపెట్టినవారు:
ఒకేచోట కాచిన నీళ్లను భూమిలో వేసిన పైపుల గుండా ఇంటింటికీ పంపి గదులు వెచ్చబెట్టే పద్ధతి గురించి అడుగుతున్నాను. అది ఒక పేటకు పనికొస్తుందో లేదో తొలి దశలో తేల్చడానికి ఏ భవనానికి ఎంత వేడి కావాలో చూపే మ్యాపు, పైపుల పొడవు చాలని నా అభిప్రాయం. ఎవరెవరు చేరతారన్నది తర్వాతి సంగతి. మీరేమంటారు?

జవాబు 1:
చాలదండీ. చిన్న లెక్క వేద్దాం. 500 మీటర్ల కందకం, 100 ఇళ్లు, ఇంటికి ఏడాదికి 10 మెగావాట్ అవర్ల (కరెంటు లెక్కలో 10,000 యూనిట్ల) వేడి అనుకోండి. కందకం మీటరుకు 2 మెగావాట్ అవర్లు పడుతుంది, చూడ్డానికి బాగానే ఉంది. వెళ్లే పైపూ వచ్చే పైపూ కలిసి మీటరుకు 20 వాట్ల వేడిని మట్టికి వదిలేస్తే, ఏడాదికి దాదాపు 88 మెగావాట్ అవర్లు పోతాయి. నూరిళ్లూ చేరితే ఇది ఉత్పత్తిలో 8 శాతం. చేరింది 30 ఇళ్లేననుకోండి, అమ్మకం 300కి పడిపోతుంది, నష్టం మాత్రం అదే 88. అంటే 23 శాతం! కందకం తవ్విన ఖర్చూ రూపాయి తగ్గదు. ఆ భారమంతా చేరిన 30 ఇళ్ల బిల్లుల మీదే పడుతుంది. నన్ను బాధపెట్టేది ఇదే.

జవాబు 2:
ధర తెలియకుండా ఎవరు ఒప్పుకుంటారు? డిజైన్ లేకుండా ధర ఎలా చెబుతాం? చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుంది. డెన్మార్క్‌లో 1979లో వేడి సరఫరా చట్టం తెచ్చి, ఏ ప్రాంతానికి ఏ పద్ధతో ముందే ప్రణాళిక వేశారు. ఇప్పుడు అక్కడ సుమారు మూడింట రెండొంతుల ఇళ్లకు ఈ వేడే అందుతోంది.

జవాబు 1:
అక్కడ చాలాచోట్ల చేరడాన్ని తప్పనిసరి చేసే అధికారం మునిసిపాలిటీలకు ఉండేది. అలాంటి పూచీ లేనిచోట సంగతి వేరు. నేను సంతకాలు అడగమనడం లేదు. ఆసుపత్రి, ఈతకొలను లాంటి పెద్ద వాడకందార్ల దగ్గరికి వెళ్లి, బాయిలర్ ఇంకెన్నేళ్లు వస్తుందో అడగండి. నిరుడే కొత్తది పెట్టుకున్నవాళ్లు ఇప్పట్లో మీవైపు చూడరు. బాయిలర్ గదిలో థర్మామీటర్లూ చూడండి. ఒకచోట వెళ్లే నీళ్లు 80 డిగ్రీలు, తిరిగొచ్చేవి 65 ఉండటం కళ్లారా చూశాను. అవి 50కి చల్లబడి వస్తే సగం నీళ్లతోనే అంతే వేడి అందేది, పైపులూ సన్నవి సరిపోయేవి. మ్యాపులో ఇది కనపడదు కదా.

చర్చ మొదలుపెట్టినవారు:
బాయిలర్ వయసు, తిరిగొచ్చే నీటి వేడి, ఈ రెండూ నా పట్టికలో చేరుస్తున్నాను. ఇళ్లవాళ్లను అడగడం మాత్రం ధర ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పగలిగాకే. ఆ విషయంలో రెండో జవాబుతోనే ఉన్నాను.