విల్లుతో కొట్టిన మొదటి జింక, తొడ మాంసం రబ్బరులా ఉంది, ఏం చేయాలి?

అమెరికాలోని ఒహాయోలో ఉంటాను. రెండు సీజన్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాక, ఈ నవంబర్ మొదటి వారంలో కాంపౌండ్ బో (కప్పీలుండే విల్లు)తో ఒక ఆడ వైట్‌టెయిల్ జింక పడింది. (లైసెన్స్, ట్యాగ్ అన్నీ ఉన్నాయి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరమని తెలుసు, దయచేసి ఆ చర్చ వద్దు.)

సాయంత్రం 5:10కి 20 గజాల నుంచి కొట్టాను, బాణం ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోయింది, 60 గజాలు పరిగెత్తి పడిపోయింది. అరగంటలో పేగులు తీసేశాను. రాత్రి గరాజ్‌లో వేలాడదీశాను, చలి 3 డిగ్రీలు. పొద్దున 8కల్లా ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టేశాను, తొందరపడ్డానేమో.

వెన్ను పక్కనుండే పొడుగు కండ పెనం మీద మూడేసి నిమిషాలు వేయిస్తే వెన్నలా ఉంది. సమస్యంతా వెనక తొడతోనే. మొదటిసారి మటన్ కూరలాగే అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి కుక్కర్లో 8 విజిల్స్ పెట్టాను, నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టాయి. రెండోసారి కిలోకి చెంచాడు పచ్చి బొప్పాయి ముద్ద రాసి రాత్రంతా ఉంచితే పైన పిండిలా చిట్లింది, లోపల మాత్రం అదే రబ్బరు. మూడోసారి తెల్లటి పొరంతా ఓపిగ్గా ఒలిచి 14 విజిల్స్ పెట్టాను. పీచుపీచుగా, పొడిగా అయిపోయింది.

ఇంకా నాలుగు కిలోల తొడ మాంసం ఫ్రీజర్‌లో ఉంది. జింకను వండిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: దీన్ని ఫ్రిజ్‌లో కరిగించాక వండే ముందు ఇంకా కొన్ని రోజులు అలాగే ఉంచితే మెత్తబడుతుందా, అయితే ఎన్ని రోజులు?