‘ఉత్తరం ఉంది’, ‘ఉత్తరం వచ్చింది’: షెల్ చెప్పే మాటకు తెలుగు

కావలి నుంచి:

సభ్యులందరికీ నమస్కారం. టెర్మినల్‌లో, అంటే కమాండులను టైపు చేసి యంత్రాన్ని నడిపే తెరలో, పని చేసేవారికి ‘యు హావ్ మెయిల్’, ‘యు హావ్ న్యూ మెయిల్’ అనే రెండు వాక్యాలు పరిచయమే. యంత్రంలో మన పేరిట ఉన్న ఉత్తరాల ఫైలును బాష్ షెల్ (మనం టైపు చేసిన కమాండులను అందుకొని నడిపే ప్రోగ్రాము) గమనిస్తూ, ఒక కమాండు ముగిసి తరువాతి ప్రాంప్టు (మళ్లీ టైపు చేయవచ్చని చెప్పే గుర్తు) చూపే ముందు, అవసరమైతే వీటిలో ఒకదాన్ని తెరమీద వేస్తుంది. వీటిని తెలుగు చేయడానికి కూర్చున్నప్పుడు మొదట ‘మీకు ఉత్తరం ఉంది’, ‘మీకు కొత్త ఉత్తరం ఉంది’ అని రాసుకున్నాను. మరునాడు చదువుకుంటే రెండోది చెవికి ఇంపుగా లేదు. మన ఇళ్లలో ‘కొత్త ఉత్తరం ఉంది’ అని ఎవరూ అనరు, ‘ఉత్తరం వచ్చింది’ అంటారు. ఇంగ్లీషు విశేషణంతో చెప్పే కొత్తదనాన్ని మనం క్రియతో చెబుతాం.

ఇది ఇంపు కోసమే చేసే మార్పు కాదని షెల్ పనితీరు చూస్తే తెలుస్తుంది. ప్రతి ఫైలుకూ చివరిసారి మారిన సమయాన్నీ, చివరిసారి చదివిన సమయాన్నీ యంత్రం విడివిడిగా గుర్తు పెట్టుకుంటుంది. మెయిల్‌చెక్ అనే వేరియబుల్‌లో (షెల్ ఒక విలువను దాచుకునే పేరులో) మనం ఇచ్చిన గడువు దాటినప్పుడల్లా, ఏమీ ఇవ్వకపోతే 60 సెకన్లు దాటినప్పుడల్లా, షెల్ ఆ సమయాలను పోల్చి చూస్తుంది. చదివిన సమయం కంటే మారిన సమయం తరువాతిదై, ఫైలు పరిమాణం కూడా పెరిగి ఉంటేనే ‘న్యూ’ అనే మాట చేరుస్తుంది. అంటే మొదటి వాక్యం ఉన్న స్థితిని చెబుతుంది, రెండోది జరిగిన సంగతిని చెబుతుంది. ‘ఉంది’, ‘వచ్చింది’ అనే రెండు క్రియలు ఈ తేడాను పూర్తిగా మోస్తున్నాయి కనుక, ‘కొత్త’ అనే మాట లేకపోయినా అర్థానికి లోటు రాదని నా నమ్మకం.

నాకు తెగనివి రెండు ఉన్నాయి. ఒకటి, ‘మెయిల్‌బాక్స్’కు ఏ మాట వాడాలి? రెండు, మెయిల్‌వార్న్ అనే ఐచ్ఛికాన్ని పెట్టుకున్నవారికి, ఫలానా ఫైలులోని ఉత్తరాలు చదివి ఉన్నాయని షెల్ మరో వాక్యం చూపిస్తుంది. దాన్ని ‘ఉత్తరాలు చదవబడ్డాయి’ అని రాశాను గానీ మనసు ఒప్పుకోలేదు. పెద్దలు దారి చూపగలరు.

అద్దంకి నుంచి:

అయ్యా, పెట్టె సంగతి ముందు చెబుతాను. ‘తపాలా పెట్టె’ అని మాత్రం రాయవద్దు. మన ఊళ్లలో తపాలా పెట్టె అంటే మనం రాసిన ఉత్తరం వేసే ఎర్ర డబ్బా. మనకు వచ్చిన ఉత్తరం పోస్టుమాన్ వాకిట్లోకి తెచ్చి చేతికిచ్చేవాడే తప్ప, దాన్ని అందుకోవడానికి ఇంటిముందు పెట్టె ఉండేది కాదు. ఎక్స్‌బిఫ్ అనే పాత ప్రోగ్రాములో ఉత్తరం రాగానే జెండా పైకి లేచే పెట్టె బొమ్మ ఉంటుంది. ఆ జెండా అమెరికా పల్లెటూరి పెట్టెది, మన వాకిళ్లలో దానికి జోడీ లేదు.

వచ్చిన ఉత్తరాలకు మన ఇళ్లలో ఉన్నది ఉత్తరాల తీగ. అడుగున చెక్కబిళ్ల, పైన కొక్కెం ఉన్న ఇనుప తీగకు ఒక్కొక్క ఉత్తరాన్ని గుచ్చి, గోడకు తగిలించేవారు. ఎంబాక్స్ అనే పాత పద్ధతి సరిగ్గా ఇదే: ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఒకదాని వెనక ఒకటి చేరుతాయి, ఒక్కొక్కటి ‘ఫ్రమ్’ అనే మాటతో మొదలయ్యే వరుసతో ఆరంభమవుతుంది. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలు. అది ముందు ‘న్యూ’ అనే అరలో పడి, ఉత్తరాలు చూపే ప్రోగ్రాము చూసిన తరువాత ‘కర్’ అనే అరలోకి మారుతుంది. ఈ రెండో పద్ధతికి తీగ పోలిక కుదరదు కాబట్టి, రెండింటికీ సరిపోయేలా ‘ఉత్తరాల అర’ అందామని నా సూచన.

ఇక ‘చదవబడ్డాయి’ విషయం. తరగతిలో పిల్లలు రాస్తే నేను కొట్టేసే మాట అది. మనం లేనప్పుడు తీగ మీది ఉత్తరాలు అటూ ఇటూ అయి కనిపిస్తే ఏమంటాం? ‘ఎవరో చూసినట్టుంది’ అంటాం.

నెల్లూరు నుంచి:

ఉత్తరానికి బదులు ‘వేగు’ అంటే ఎలా ఉంటుంది? ఈమెయిలుకు ఆ మాటను వాడేవారు కొందరు ఇప్పటికే ఉన్నారు. కనిపెట్టి చూసే పనికి ‘నిఘా’ బాగుంటుంది కదా. ఈ పనికి బర్కిలీ విశ్వవిద్యాలయంలో తయారైన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలో 1980 నాటికే ‘బిఫ్’ అనే కమాండు ఉండేది. అది అక్కడి ఒక విద్యార్థిని పెంచుకున్న కుక్క పేరు. పోస్టుమాన్‌ను చూసి మొరిగేది కాబట్టే ఆ పేరు పెట్టారన్న కథ నిజం కాదని తేలింది గానీ, కాపలా అనే భావం మాత్రం ఆ కమాండుకు అంటుకుపోయింది.

కావలి నుంచి:

‘వేగు’ అందమైన మాటే, కాదనను. అయితే పాత తెలుగులో వేగు అంటే చాటుగా తెలుసుకొని వచ్చిన సమాచారం, దాన్ని తెచ్చేవారు వేగులవారు. దాని పక్కన ‘నిఘా’ కూడా చేరితే, మన ఇంటి ఉత్తరాల కోసం మనం ఎదురుచూడటం శత్రువు శిబిరం మీద కన్నేసినట్టు వినిపిస్తుంది. కళ్లంలో వడ్లకు ఉండేది నిఘా కాదు, కావలి. మా ఊరి పేరు కూడా అదే. ఉదయగిరి ప్రభువుల సైన్యం కావలి కాసిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెబుతారు. ఆ ఊరివాడినైనందున నాకు పక్షపాతం ఉండవచ్చు గానీ, ‘కాచు’ అనే ధాతువును గట్టిగా కోరడానికి వేరే కారణం ఉంది. బాష్ చేసేది గడువుకొకసారి వెళ్లి చూసి రావడం. ఐమ్యాప్ (ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చూసుకునే పద్ధతి) సర్వరుతో మాట్లాడే ప్రోగ్రాములు 1997లో వచ్చిన ‘ఐడిల్’ అనే ఆదేశాన్ని ఇచ్చి, సర్వరే కబురు చెప్పేదాకా అక్కడే ఉంటాయి. కదలిక లేదని సర్వరు అరగంటకు పంపించివేయవచ్చు కనుక, 29 నిమిషాలకొకసారైనా ఆ ఆదేశాన్ని తిరిగి ఇవ్వమని ఆ నియమావళి చెబుతుంది. ‘ఐడిల్’ను ‘ఖాళీ’ అని తెలుగు చేస్తే అర్థమే తలకిందులవుతుంది. అది ఖాళీగా ఉండటం కాదు, కాచుకొని ఉండటం. మొదటిదానికి ‘చూసి రావడం’, రెండోదానికి ‘కాచుకొని ఉండటం’ అని రెండు మాటలు వాడదాం.

అద్దంకి వారి ‘చూసినట్టుంది’ చదివాక చాలాసేపు సంతోషంతో అలాగే కూర్చున్నాను. అది తెలుగుదనానికే కాదు, నిజానికీ దగ్గరగా ఉంది. మనిషి ఉత్తరం చదివాడో లేదో షెల్‌కు తెలియదు. ఫైలును చదివిన సమయం మారిందని మాత్రమే తెలుసు. బ్యాకప్ తీసే ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి చదివినా ఆ సమయం మారవచ్చు. చదివిన సమయాన్ని రాయవద్దని చెప్పే నోఎటైమ్ అనే ఏర్పాటుతో డిస్కును మౌంట్ చేసి (యంత్రానికి జోడించి) ఉంటే, మనిషే చదివినా మారదు. ఇంగ్లీషు వాక్యం తీర్పు చెప్పినట్టు చెబుతుంది. ‘ఎవరో చూసినట్టుంది’ అనే వాక్యం ఆనవాలు చూసి ఊహించి చెబుతోంది, షెల్ చేసే పనీ ఖచ్చితంగా అదే. ‘ఎవరో’ అనే మాటను మాత్రం వదిలేస్తాను, ఎందుకంటే చూసింది మనమే కూడా కావచ్చు.

ఈ వాక్యాలను వెంటనే వాడి చూడాలనుకునేవారు మెయిల్‌పాత్ అనే వేరియబుల్‌లో ఫైలు దారి రాసి, దాని వెంట ప్రశ్నార్థకం పెట్టి, ఆపైన తమ వాక్యాన్ని తెలుగు లిపిలోనే రాయవచ్చు. మొత్తాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచాలి. నేను నిన్న ‘మీకు ఉత్తరం వచ్చింది’ అని పెట్టుకున్నాను. అయితే సొంత వాక్యం ఇచ్చినప్పుడు షెల్ ‘ఉంది’కీ ‘వచ్చింది’కీ తేడా చూపదు, ఎప్పుడూ మనం ఇచ్చిన ఆ ఒక్కటే చూపిస్తుంది. మూడు వాక్యాలూ వాటి వాటి సందర్భాలలో కనబడాలంటే బాష్ అనువాద ఫైలులోనే చేరాలి. అందుకోసం ‘ఉత్తరాల అర’ మీద మిగతావారి అభిప్రాయం కూడా వినాలని ఎదురుచూస్తున్నాను.