అప్‌డేట్: బాపు చేతుల వణుకు, కారణం గ్యాస్ గోలీ

బాపుకు చేతులు వణుకుతున్నయి, నడక నెమ్మదైంది, ముఖంలో కదలిక తగ్గింది, పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బా అని ఇదివరకు ఇక్కడ అడిగిన. కాదని తేలింది. "వాడే గోలీలన్నీ పట్టుకపోయి డాక్టర్‌కు చూపియ్యి" అని రాసిన అక్కకు చాలా థాంక్స్, అసలు సంగతి అట్లనే బయటపడ్డది.

హన్మకొండల న్యూరాలజిస్ట్ సారు పట్టీలన్నీ తిరగేసి ఒకదాని దగ్గర ఆగిండు. బాపు రోజూ పరిగడుపున వేసుకునే గ్యాస్ గోలీల పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉంది. అది కడుపు కదలికను పెంచుతది, కానీ మెదడులో డోపమైన్‌ను (ఒంటి కదలికలను నడిపే రసాయనం) అందుకునే డి2 గ్రాహకాలను కూడా అడ్డుకుంటది. పార్కిన్సన్స్‌ల డోపమైన్ తయారుచేసే కణాలే చచ్చిపోతయి. బాపుకేమో డోపమైన్ ఉన్నా ఈ మందు దాన్ని పనిచేయనియ్యలే. పైకి లక్షణాలు ఒక్కతీరే. పెద్ద వయసోళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకిచ్చే సినారిజిన్, ఫ్లునారిజిన్ కూడా ఇట్లనే చేయొచ్చు.

సారు ఆ గోలీ మాన్పించి ఉత్త పాంటోప్రజోల్ రాసిండు. వణుకు వెంటనే పోలే, నెలలు పట్టింది. ఇప్పుడు అంగీ గుండీలు తనే పెట్టుకుంటుండు. బి12, థైరాయిడ్, మెదడు స్కాన్ అన్నీ మంచిగనే ఉన్నయి, వాటితో సంబంధం లేదు.

ఇట్లాంటి గోలీ కనబడితే సొంతంగ ఆపకుండ్రి, డాక్టర్‌ను అడుగుండ్రి. కొందరికి లోపల మొదలైన పార్కిన్సన్స్ ఇట్ల బయటపడుతదట, అందుకే బాపును ఇంకా చూపిస్తనే ఉన్నం.